మూడు 1440పీ మానిటర్లకు ఏ గ్రాఫిక్స్ కార్డు? 12 జీబీ మెమరీ సరిపోతుందా?

బెజవాడ_ఎపెక్స్:
ఇప్పుడున్నది రైజెన్ 5 5600, బీ550 బోర్డు, 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, 650 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై). 27 అంగుళాల 1440పీ 165 హెర్ట్జ్ మానిటర్ ఒకటుంది. అదే మోడల్ ఇంకో రెండు తీసుకుని మూడూ స్టీరింగ్ వీల్ ముందు పెట్టాలని ఉంది. ఆడేది అసెట్టో కోర్సా, అసెట్టో కోర్సా కాంపిటీజియోనే, యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. ఎప్పుడైనా సైబర్‌పంక్, అది మధ్య మానిటర్ మీదే.

ఆర్‌టీఎక్స్ 5070 అయితే బడ్జెట్‌లో హాయిగా వస్తుంది. ఆర్ఎక్స్ 9070 ఎక్స్‌టీకి కొంచెం సాగదీయాలి. 5070 టీఐ అంటే ఇంట్లో సమాధానం చెప్పుకోవాలి. మూడు స్క్రీన్లకి 12 జీబీ చాలదా? క్యాబినెట్‌లో కార్డుకి 330 మిల్లీమీటర్ల చోటుంది.

పిక్సెల్_పంతులు:
ముందు లెక్క చూడండి. ఒక 1440పీ స్క్రీన్ అంటే 36.9 లక్షల పిక్సెళ్లు. 4కే అంటే 83 లక్షలు. మీ మూడూ కలిపితే 7680×1440, అంటే కోటీ పది లక్షల పైన. మీరు అడుగుతున్నది 4కే కంటే మూడో వంతు ఎక్కువ బరువు. 1440పీ రివ్యూల్లో కనిపించే ఫ్రేముల సంఖ్యని మూడుతో భాగించి, వచ్చినదానికి కాస్త పైన వేసుకోండి. పక్క స్క్రీన్లలో చెట్లూ గోడలే ఎక్కువ కాబట్టి ఆ కాస్త.

మెమరీ విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. 7680×1440 బొమ్మ ఒక్కటి పట్టేది 44 ఎంబీ మాత్రమే. కానీ ఆట ఒక ఫ్రేమ్ గీయడానికి లోతు, వెలుగు, నీడ, కదలిక అంటూ అదే సైజులో చాలా బఫర్లు పెట్టుకుంటుంది. వాటి మీద టెక్స్‌చర్లు (వస్తువుల పై పూత బొమ్మలు), వాటి మీద కారు అద్దాల్లో కనిపించే బొమ్మలు. పాత అసెట్టో కోర్సాకి 12 జీబీ బాగానే సరిపోతుంది. కాంపిటీజియోనేలో గ్రిడ్ నిండా కార్లు, టెక్స్‌చర్లు ఎపిక్‌లో (అన్నిటికంటే పై సెట్టింగ్) పెడితే మాత్రం అంచున ఉంటారు. పొంగిన భాగం ర్యామ్‌లోకి పోతుంది. 5070 సొంత మెమరీ వేగం సెకనుకి 672 జీబీ, మీ బోర్డు పీసీఐఈ 4.0 స్లాట్ ద్వారా వచ్చేది దాదాపు 32 జీబీ. అందుకే సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) బాగానే కనిపిస్తూ, రేస్ స్టార్ట్‌లో మొదటి మలుపు దగ్గర గుక్కపట్టినట్టు ఆగుతుంది. టాస్క్ మేనేజర్‌లో షేర్డ్ జీపీయూ మెమరీ గీత అదే క్షణంలో లేస్తుంటే సమస్య అదే.

నా ఓటు ఆర్ఎక్స్ 9070 ఎక్స్‌టీ 16 జీబీకి. సైబర్‌పంక్‌లో పాత్ ట్రేసింగ్ (వెలుగు దారుల్ని లెక్కగట్టే బరువైన సెట్టింగ్) ఆన్ చేయకుండా నిద్రపట్టదంటే 5070 టీఐ, అదీ 16 జీబీనే. 5070 జోలికి వద్దు. చిప్ బాగానే ఉంది, మీ అవసరానికి మెమరీయే పొట్టి.

కొనకముందే ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఇప్పుడున్న 3060లో, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో డీఎస్‌ఆర్ 3.00 ఎక్స్ టిక్ పెట్టి ఆటలో ఆ రిజల్యూషన్ ఎంచుకోండి. ఉన్న ఒక్క మానిటర్ మీదే మూడు మానిటర్ల పిక్సెళ్లు గీయిస్తుంది. మెమరీ ఎంత పడుతుందో కూడా అక్కడే తెలిసిపోతుంది.

సిమ్‌రిగ్_సికింద్రాబాద్:
పంతులు గారి లెక్క కరెక్టే, ప్రాసెసర్ సంగతి మాత్రం వదిలేశారు. మూడు స్క్రీన్లలో కనిపించే మేర పెరుగుతుంది, గీయాల్సిన వస్తువులూ పెరుగుతాయి, ఆ పని 5600 మీద పడుతుంది. డీఎస్‌ఆర్ పరీక్షలో అది బయటపడదు. మానిటర్లు వచ్చాక ఆటని 3840×720లో ఒకసారి నడిపి చూడు అన్నా. ఎఫ్‌పీఎస్ ఏమీ పెరగలేదంటే తప్పు కార్డుది కాదు. అప్పుడు అద్దాల రిజల్యూషన్ తగ్గించు, ముందున్న ఎన్ని కార్లు గీయాలన్నది తగ్గించు. ట్రక్ సిమ్యులేటర్‌లో ప్రతి అద్దమూ మళ్లీ విడిగా గీసే బొమ్మే, అక్కడ బాగా మిగులుతుంది.

ఇక పోర్టులు. 5070 టీఐలో మూడు డిస్‌ప్లేపోర్టులు (డీపీ), ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి. 9070 ఎక్స్‌టీలో కొన్ని మోడళ్లకి రెండు డీపీ, రెండు హెచ్‌డీఎంఐ ఇస్తారు. బిల్లు వేయించే ముందు పెట్టె వెనక చూసుకో. నీ మానిటర్‌లో ఉన్నది హెచ్‌డీఎంఐ 2.0 అయితే దాని మీద 1440పీ 144 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది, 165 రాదు. రెండు 165లో, ఒకటి 144లో ఉంటే ఎన్విడియా సరౌండ్ మూడింటినీ కలపనంటుంది. మూడూ డీపీకే పెట్టు, లేదా మూడింటినీ 144కి దించు. ఒక మానిటర్‌ని మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి తగిలిద్దాం అనుకోవద్దు. 5600లో గ్రాఫిక్స్ లేదు, అక్కడ బొమ్మే రాదు.

కేబుల్ 2 మీటర్లలోపు, వెసా (డిస్‌ప్లే ప్రమాణాల సంస్థ) సర్టిఫికేషన్ ఉన్నది. సీటీసీలో (సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్) అడిగితే పొడుగు కేబుళ్లు చవగ్గా చేతిలో పెడతారు. 3 మీటర్ల నాసిరకం దానితో స్క్రీన్ సెకను పాటు నల్లబడి మళ్లీ వస్తుంటే జనం కార్డుని తిడతారు.

మానిటర్ల కోణం: 27 అంగుళాల ప్యానెల్ వెడల్పు 59.8 సెంటీమీటర్లు. కళ్లకీ మధ్య స్క్రీన్‌కీ 60 సెంటీమీటర్లుంటే పక్క మానిటర్లు దాదాపు 53 డిగ్రీలు లోపలికి తిరగాలి, 70 అయితే 46. దూరం, కోణం, అంచు మందం టేపుతో కొలిచి అసెట్టో కోర్సా ట్రిపుల్ స్క్రీన్ సెట్టింగులో అవే అంకెలు ఇవ్వు. కంటికి ఆనినట్టు ఊహించి పెడితే పక్క స్క్రీన్‌లో కారు సాగదీసిన రబ్బరులా కనిపిస్తుంది.

ట్రక్‌కి: డాక్యుమెంట్స్‌లో ఆట ఫోల్డర్ తెరిచి, కాన్ఫిగ్ ఫైల్‌లో ఆర్_మల్టీమాన్_మోడ్ విలువ 1 ఉన్నచోట 3 చెయ్యి. ముందే ఫైల్ కాపీ తీసి పక్కన పెట్టుకో.

బెజవాడ_ఎపెక్స్:
ఇద్దరికీ థాంక్స్. మానిటర్ మాన్యువల్ చూశా, హెచ్‌డీఎంఐ 2.0నే. మూడు డీపీ ఉన్న 9070 ఎక్స్‌టీ కోసం వెతుకుతా. 650 వాట్లు ఆగుతాయా? ఇక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, 600 వీఏ యూపీఎస్ ఒకటుంది.

వాట్_మాస్టారు:
9070 ఎక్స్‌టీ బోర్డు పవర్ 304 వాట్లు, 5600 నిండుగా లాగితే 76. బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ 50 వేసుకో. 430 అయింది. చూడ్డానికి 650లో ఇమిడినట్టే ఉంటుంది. కానీ కార్డు కొన్ని మైక్రోసెకన్లపాటు చెప్పినదానికంటే చాలా ఎక్కువ లాగుతుంది. ఆ ఉదుటు పాత ఎస్‌ఎంపీఎస్ తట్టుకోలేకపోతే పీసీ ఆటమధ్యలో టక్కున ఆరిపోతుంది, ఈవెంట్ వ్యూయర్‌లో ఏమీ తేలదు. ఏఎండీ చెప్పేది 750 వాట్లు. ఏటీఎక్స్ 3.1 (ఇలాంటి ఉదుట్లని తట్టుకునే ప్రమాణం) ఉన్న 750 లేదా 850 గోల్డ్ తీసుకో. కార్డుకి రెండు 8 పిన్‌లుంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు లాగు. ఒకే కేబుల్ చివర కవలల్లా వేలాడే రెండో కొనతో పని కానివ్వొద్దు. 16 పిన్ సాకెట్ ఉన్న మోడలైతే కేబుల్‌ని చివరిదాకా నొక్కి, బయటికొచ్చాక 3–4 సెంటీమీటర్లు తిన్నగా పోనిచ్చి ఆ తర్వాతే వంచు.

యూపీఎస్ లెక్క గోడ దగ్గర చూడాలి. ఎస్‌ఎంపీఎస్‌లో పోయేది కలిపి 490, మానిటర్లు మూడింటికి 100 దాకా, మొత్తం 590 వాట్లు. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. కరెంటు పోయిన క్షణంలోనే కీచుమని మొత్తం ఆర్పేస్తుంది. 1100 వీఏ, 660 వాట్లది కూడా బొటాబొటి. సైన్‌వేవ్ ఉన్న పెద్దది పెట్టు. లేదా ఆ 1100 వీఏదే తీసుకుని, పీసీ, మధ్య మానిటర్ మాత్రం దాని మీద ఉంచి పక్కవి రెండూ నేరుగా గోడకి ఇచ్చెయ్.

ఇంకోటి: మే నెల బెజవాడ గదిలో ఈ 590 వాట్లూ వేడిగానే మిగులుతాయి. అడ్రినలిన్‌లో (ఏఎండీ కార్డు సాఫ్ట్‌వేర్) పవర్ లిమిట్ 10 శాతం దించు, ఆటలో తేడా పట్టుకోవడం కష్టం.

మూడు స్క్రీన్లు పెట్టాక ఏమీ ఆడకుండానే కార్డు వేడిగా ఉంటే కంగారుపడకు. మెమరీ క్లాక్ మారాలంటే స్క్రీన్ రిఫ్రెష్‌ల మధ్య దొరికే చిన్న విరామంలోనే మారాలి. మూడింటి విరామాలు కలవకపోతే డ్రైవర్ క్లాక్‌ని పైనే వదిలేస్తుంది. జీపీయూ-జెడ్‌లో (కార్డు వివరాలు చూపించే ప్రోగ్రామ్) మెమరీ క్లాక్ కిందికి దిగడం లేదంటే, డెస్క్‌టాప్ మీద మూడింటినీ 120 హెర్ట్జ్‌కి మార్చి చూడు.

ఒక్కస్క్రీన్_చాలు:
రేసింగ్ కాకుండా మిగతా ఆటలే ఎక్కువైతే ఈ డబ్బుతో ఒక 4కే మానిటర్ తీసుకోండి. అప్‌స్కేలింగ్ (తక్కువ పిక్సెళ్లలో గీసి పెద్దది చేయడం) క్వాలిటీ మోడ్‌లో లోపల గీసేది 2560×1440యే, మూడు స్క్రీన్లలో మూడో వంతు పని. 2014 నాటి అసెట్టో కోర్సాలో డీఎల్‌ఎస్‌ఎస్ లాంటి అప్‌స్కేలింగ్ లేదు, అక్కడ ప్రతి పిక్సెలూ నిజంగా గీయాల్సిందే.

సిమ్‌రిగ్_సికింద్రాబాద్:
వీల్ ముందు కూర్చునేవాడికి పక్క కారు ఎక్కడుందో 4కే చూపించదు కదా అన్నా. ఎపెక్స్, అమెరికా నుంచి ఎవరితోనైనా కార్డు తెప్పించే ఆలోచనుంటే ఆ బ్రాండ్ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే సీరియల్ నంబర్ ఇచ్చి మెయిల్‌లో రాయించుకో. కొలిచేటప్పుడు 330 మిల్లీమీటర్లలో ముందు ఫ్యాన్ల మందం తీసేశావా?

బెజవాడ_ఎపెక్స్:
తీయలేదు. 25 పోతే 305. ఇప్పుడు మళ్లీ కార్డు పొడవులు చూసుకోవాలి.