క్యాంపుసైటులో ఆర్‌వీ బయటి లైట్లు: పెద్దవాళ్లు ఉంటే ఏం చేస్తారు?

అందరికీ నమస్కారం. మేం డాలస్‌లో ఉంటాం. పోయిన నెల ఆర్‌వీ (లోపలే వండుకుని పడుకునే ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని టెక్సాస్‌లోనే ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కుకు వెళ్లాం. అత్తయ్యగారికి చీకట్లో మెట్టు ఆనదని తలుపు పక్క లైటు, ఆనింగ్ (బండి పక్కకు చాపే నీడ గుడ్డ) కింద తెల్లటి ఎల్‌ఈడీ పట్టీ రెండూ వేసి ఉంచాం. తొమ్మిదిన్నరకి పక్క సైటు పెద్దాయన వచ్చి, "నక్షత్రాలు చూద్దామని ఇంత దూరం వచ్చాం, కాస్త లైట్లు తీసేస్తారా?" అని మర్యాదగానే అడిగారు. చాలా బాధనిపించింది. ఆ పార్కుకు 2012లోనే డార్క్ స్కై పార్కుగా (అనవసరపు లైట్లు లేకుండా రాత్రి ఆకాశాన్ని చీకటిగా కాపాడే పార్కుగా) గుర్తింపు వచ్చింది. మేం అది చూసుకోకుండా వెళ్లాం. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20–30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి తెల్ల లైటు పడితే మళ్లీ మొదటికొస్తుంది.

వెంటనే అన్నీ ఆపేశాం. తలెత్తితే పాలపుంత! "చిన్నప్పుడు డాబా మీద పడుకుని చూసేవాళ్లం" అంటూ అత్తయ్యగారు కుర్చీలోంచి లేవలేదు. కానీ లోపలికి వెళ్లేటప్పుడు ఆ ఇనప మెట్టు అంచున కాలు జారింది. నేను పట్టుకోబట్టి సరిపోయింది.

డిసెంబర్‌లో మళ్లీ వెళ్తున్నాం. ఎర్ర లైటైతే చీకటికి అలవాటు పడ్డ కళ్లను అంతగా చెదరగొట్టదు కదా, మెట్టు కింద అంటించే అలాంటిది ఎవరైనా వాడారా? అది చాలుతుందా? కదలిక ఉంటే వెలిగే సెన్సర్‌ది పెడితే గాలికి, అడవి జంతువులకి ఊరికే వెలుగుతుందేమోనని టెన్షన్. అద్దె బండి కాబట్టి రంధ్రాలు వేయకూడదు. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.