దెయినోస్ అంటే భయంకరమా, అద్భుతమా?

ప్రశ్న:
ప్రాచీన గ్రీకు సొంతంగా నేర్చుకుంటున్నాను. దెయినోస్ అనే విశేషణం దగ్గర ఆగిపోయాను. నిఘంటువులో ముందు భయంకరమైన అని, తర్వాత అద్భుతమైన అని, చివర్లో నేర్పరి అని కూడా ఉంది. సోఫోక్లీస్ రాసిన అంతిగొనీ నాటకంలో బృందగానం "దెయినోస్ అనదగ్గవి ఎన్నో ఉన్నాయి, మనిషిని మించింది ఏదీ లేదు" అంటుంది కదా, అక్కడ ఏది తీసుకోవాలి? ఒక అనువాదంలో అద్భుతం, ఇంకోదాంట్లో భయంకరం!

జవాబు 1:
మూలం భయమే. దెయోస్ అంటే భయం, ఇదీ ఆ కుటుంబంలోదే. డైనోసార్‌లో ఉన్నదీ ఇదే మాట, 1842లో రిచర్డ్ ఓవెన్ ఆ పేరు పెట్టాడు. నేర్పరి అనే అర్థం ఎలా వచ్చిందంటే, మనం "వాడు అసాధ్యుడు" అంటాం చూడండి, అందులో మెచ్చుకోలు ఉంటుంది, జాగ్రత్త అనే హెచ్చరికా ఉంటుంది. దెయినోస్ లెగెయిన్ అంటే మాటల్లో అలాంటి అసాధ్యుడు. ప్లేటో రాసిన అపాలజీ (న్యాయస్థానంలో సోక్రటీస్ తన తరఫున చెప్పుకున్న వాదన) మొదట్లోనే సోక్రటీస్ ఈ మాట పట్టుకుంటాడు: నేను దెయినోస్ లెగెయిన్ అని, మోసపోవద్దని నా మీద నేరం మోపినవాళ్లు మిమ్మల్ని హెచ్చరించారు, నిజం చెప్పేవాణ్ణి అలా అంటే తప్ప నేను అలాంటివాణ్ణి కాను అని.

జవాబు 2:
ఈ గందరగోళం గ్రీకులకీ ఉండేది. ప్లేటో రాసిన ప్రొటాగొరస్ అనే సంభాషణలో చూడండి. ఎవరినైనా మెచ్చుకుంటూ దెయినోస్ అంటే ప్రోడికస్ అనే పండితుడు తనను సరిదిద్దుతుంటాడని సోక్రటీస్ చెబుతాడు. దెయినోస్ రోగం, యుద్ధం, పేదరికం అంటారు గానీ దెయినోస్ ఆరోగ్యం, శాంతి, సంపద అని ఎవరంటారు అని ప్రోడికస్ వాదన. అంటే మెచ్చుకోలుగా వాడటం అప్పటికే బాగా అలవాటైపోయిందన్నమాట.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఆ పాటలో రెండూ ఉన్నట్టేనా?

జవాబు 2:
రెండూ ఉన్నాయి, ఒకటి తీసేస్తే పాట సగమైపోతుంది. సముద్రం దాటడం, నేల దున్నడం, పక్షుల్ని వలేసి పట్టడం, మాట నేర్వడం, ఇలా మనిషి నేర్పంతా వరసగా చెప్పి, చావుకు మాత్రం దారి దొరకలేదంటారు, చివరికి ఆ తెలివే ఒకసారి చెడుకీ ఒకసారి మంచికీ పోతుందంటారు. పైగా ఈ పాట ఎప్పుడొస్తుంది? రాజాజ్ఞను ధిక్కరించి ఎవరో శవం మీద మట్టి చల్లారని కాపలావాడు వణుకుతూ చెప్పి వెళ్లిన వెంటనే. అసాధ్యుడు అన్న మాట ఇక్కడ సరిపోదు, గ్రీకులో అది నపుంసక లింగం, మనకి అసాధ్యం అంటే అర్థమే మారిపోతుంది. నేనైతే "మనిషిని మించిన విపరీతం లేదు" అని రాస్తాను.