కస్టమ్స్ దగ్గర కదలని పార్సిల్ ఒకటి, పంపాల్సింది ఇంకొకటి: ఫారంలో ఏం రాయించాలి?

గడపదాటినవాడు అడిగిన ప్రశ్న:

ఉంటున్నది పరాయి దేశం. ఇంటి నుంచి పోస్టులో పంపిన పార్సిల్ ఎనిమిది రోజులుగా "ప్రెజెంటెడ్ టు ఇంపోర్ట్ కస్టమ్స్" అనే చూపిస్తోంది. ఫారంలో వివరం దగ్గర "గిఫ్ట్" అని ఒక్క ముక్క రాసి, విలువ గడిలో సున్నా పెట్టారట. వచ్చే నెల ఇంకోటి పంపాలి: వాడిన ఫోన్, పవర్ బ్యాంక్, నాలుగు కొత్త చొక్కాలు, రెండు నెలల మందులు. మొదటిది పట్టుకున్నట్టేనా? ఇక్కడి నుంచి నేను చేయగలిగింది ఏమైనా ఉందా? రెండోదాని ఫారం ఎలా నింపించాలి? కొరియర్ మేలంటారా?

బట్వాడాబల్ల:

ఇంకా పట్టుకోలేదండీ. ఆ మాటకు అర్థం "కస్టమ్స్ వారి ముందు పెట్టాం" అని మాత్రమే. దేశాల పోస్టల్ వ్యవస్థలు ఒకదానికొకటి పంపుకునే సందేశాల్లో దాని కోడ్ ఈడీబీ. నిజంగా ఆపితే ఈఎంఈ పడుతుంది, వదిలితే ఈడీసీ. మిగతా వరుస కూడా తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. పంపిన దేశపు కేంద్రం నుంచి బయల్దేరితే ఈఎంసీ, చేరాల్సిన దేశపు కేంద్రంలో దిగితే ఈఎండీ, కస్టమ్స్ అయ్యాక అక్కణ్ణుంచి కదిలితే ఈఎంఎఫ్, ఇవ్వడానికి వచ్చి కుదరకపోతే ఈఎంహెచ్, చేతికి అందితే ఈఎంఐ. ఈఎంసీకీ ఈఎండీకీ మధ్య రోజులు గడుస్తుంటే దానికి కస్టమ్స్‌ను తిట్టి లాభం లేదు, అప్పటికి పార్సిల్ వాళ్ల దగ్గరికే రాలేదు.

అయితే మీ ఫారంలో సున్నా ఉంది కాబట్టి కస్టమ్స్ వారు కాగితాలు అడుగుతూ మీకు లేఖ పంపవచ్చు. బహుమతి అయినా వస్తువుకు విలువ ఉంటుంది, సున్నా అనేది వాళ్ల లెక్కలో జవాబు కాదు. ఇప్పుడే సిద్ధం చేసుకోవాల్సినవి: కొన్న బిల్లు, డబ్బు కట్టిన ఆధారం, బిల్లు లేకపోతే అదే వస్తువు ధర కనిపించే ఆన్‌లైన్ పేజీ ప్రతి, వస్తువుల జాబితా, ఇది అమ్మకం కాదని పంపినవారు సంతకం చేసిన రెండు వాక్యాలు. అన్నీ ఒకే పీడీఎఫ్‌గా పెట్టి, పైన ట్రాకింగ్ నంబరు రాయండి. గడువు లేఖలోనే ఉంటుంది. అది దాటితే పార్సిల్ వెనక్కి పోతుంది. ఆ లేఖ చాలాసార్లు కాగితం రూపంలోనే వస్తుంది. మీ ఉత్తరాల పెట్టె మీద మీ పేరు లేకపోతే అది కూడా మీకు చేరదు! వేరేవాళ్ల ఇంట్లో ఉంటుంటే చిరునామాలో "కేరాఫ్" అని వాళ్ల పేరు తప్పకుండా ఉండాలి.

ఎవరు ఎవరిని అడగాలన్నదీ ముఖ్యమే. కస్టమ్స్ విషయానికి అందుకునేవారు తమ దేశపు పోస్టును అడగాలి. పార్సిల్ పోయిందన్న ఫిర్యాదు మాత్రం పంపినవారు, పంపిన దేశంలోనే పెట్టడం మేలు. మామూలు పార్సిల్‌కు దాని గడువు పోస్టు చేసిన మర్నాటి నుంచి 6 నెలలు. రసీదు పారేయవద్దని ఇంట్లో చెప్పండి.

అరగడి:

రెండోదానికి సులువైన దారి ఉంది. విలువ సగం వేసి, "వాడినవి" అని రాయించండి. సుంకం సగమవుతుంది.

ఫారంపిచ్చి:

అరగడి గారూ, ఆ సలహా వద్దు. పార్సిల్ పోతే పరిహారం రాసిన విలువను మించి రాదు. తెరిచినప్పుడు చొక్కాకు ట్యాగ్ వేలాడుతుంటే "వాడినవి" అన్నది తప్పుడు ప్రకటన అవుతుంది. అప్పుడు విలువ ఎంతో కస్టమ్స్ వారే నిర్ణయిస్తారు, జరిమానా వేరే.

గడపదాటినవాడు గారూ, ఫారాలు రెండు రకాలు. 2 కిలోల లోపు చిన్న ప్యాకెట్, విలువ 300 ఎస్‌డీఆర్ లోపు అయితే సీఎన్ 22 అనే చిన్న చీటీ చాలు. విలువ అది దాటితే సీఎన్ 23. పార్సిల్‌గా బుక్ చేస్తే విలువ ఎంతైనా సీఎన్ 23 పడాల్సిందే. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకు వాడే ప్రమాణం, మీ డబ్బులోకి మార్చి కౌంటర్‌లోనే చెబుతారు.

అసలు పని వివరం గడిలో ఉంది. "బట్టలు" అని రాస్తే అది వివరం కాదు. ఇలా రాయించండి: "మగవారి కాటన్ చొక్కాలు, నేసిన బట్ట, కొత్తవి, 4, నికర బరువు 1 కిలో, ఒక్కోటి ఇంత, మొత్తం ఇంత, కోడ్ 620520." ఫోన్‌కు: "స్మార్ట్‌ఫోన్, వాడినది, 1, కోడ్ 851713", విలువగా ఈ రోజు అమ్మితే వచ్చే ధర. ఆ ఆరంకెలు ప్రపంచ కస్టమ్స్ సంస్థ ఇచ్చిన సరుకుల కోడ్, మొదటి ఆరూ దాదాపు అన్ని దేశాల్లోనూ ఒకటే. విలువ పక్కన కరెన్సీ పేరు మరిచిపోతే 1500 అన్నది ఏ డబ్బో ఊహించుకోవడం అధికారి వంతు అవుతుంది, ఆ ఊహ మీకు కలిసిరాకపోవచ్చు. వస్తువుల నికర బరువులు కూడితే పెట్టె బరువును మించకూడదు. ఇంట్లో తూచి, కౌంటర్‌లో ఇంకో వస్తువు జొప్పిస్తే తప్పేది అక్కడే.

భాష గమ్యదేశానికి అర్థమయ్యేది ఉండాలి, ఇంగ్లీషు దాదాపు ఎక్కడైనా నడుస్తుంది. చేత్తో రాసిన ఫారం ఒక్కటే ఉంటే సరిపోదు. సరుకున్న తపాలాకు వివరాలు ముందే ఎలక్ట్రానిక్‌గా వెళ్లాలన్నది 2021 జనవరి 1 నుంచి యూనివర్సల్ పోస్టల్ యూనియన్ నియమం. కౌంటర్‌లో గుమస్తా టైప్ చేసింది ఒకసారి చదివి చూడమనండి, గమ్యదేశపు కస్టమ్స్ ముందుగా చూసేది దాన్నే.

ఇంకో గడి ఎవరూ పట్టించుకోరు: బట్వాడా కాకపోతే ఏం చేయాలి? "తిరిగి పంపు" అంటే ఆ ఖర్చు పంపినవారి నెత్తిన పడవచ్చు. "వదిలేస్తున్నాం" అన్న గడి కూడా ఉంటుంది. ఎంచుకోవడం మీ ఇష్టం, ఖాళీగా మాత్రం వదలకండి.

సుంకం లెక్క చాలా దేశాల్లో ఇలా నడుస్తుంది. వస్తువు 100, పోస్టు ఖర్చు 30 అనుకోండి. సుంకం 10 శాతం అయితే అది 130 మీద పడి 13 అవుతుంది. పన్ను 20 శాతం అయితే అది 143 మీద, అంటే 28.60. మొత్తం 41.60, దాని పైన పోస్టు వారి రుసుము. కొన్ని దేశాలు రవాణా ఖర్చు కలపవు. చిన్న విలువలకు మినహాయింపు ఉందని పాత వ్యాసాలు చదివి నమ్మకండి. ఐరోపా సమాఖ్య 22 యూరోల పన్ను మినహాయింపును 2021 జులై 1న తీసేసింది. అమెరికా 800 డాలర్ల మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాల సరుకులకూ ఆపేసింది.

లిథియంలెక్క:

పవర్ బ్యాంక్ తీసేయండి. విడి బ్యాటరీకి విమాన తపాలాలో చోటు లేదు, పవర్ బ్యాంక్ అంటే విడి బ్యాటరీయే. ఫోన్ లోపల బిగించి ఉన్న బ్యాటరీకి దారి ఉంది, అదీ పంపే దేశపు పోస్టుకు దానికి అనుమతి ఉంటేనే. హద్దు బ్యాటరీ లోపలి ఒక్కో సెల్‌కు 20 వాట్-అవర్లు (అందులో పట్టే విద్యుత్తు కొలత), మొత్తం బ్యాటరీకి 100. బ్యాటరీ మీద రాసి ఉండే ఎంఏహెచ్‌ను వోల్టులతో గుణించి వెయ్యితో భాగించండి: 5000 ఎంఏహెచ్, 3.85 వోల్టులు అయితే 19.25 వాట్-అవర్లు. ఫోన్ ఆఫ్ చేసి, మీట నొక్కుకుపోకుండా గట్టి పెట్టెలో పెట్టాలి. సెంటు, గోళ్ల రంగు, స్ప్రే డబ్బాలు కూడా మండే సరుకు కిందే లెక్క.

మందుల్లో నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు చాలాచోట్ల నియంత్రణలో ఉంటాయి. మామూలు మందులనూ తపాలాలో రానివ్వని దేశాలున్నాయి. మీరుండే దేశపు ఔషధ నియంత్రణ సంస్థ సైట్ చూశాకే పంపించుకోండి. అనుమతి ఉంటే అసలు డబ్బాల్లోనే, రసాయన నామం కనిపించేలా, మీ పేరున్న డాక్టరు చీటీ ప్రతితో పంపాలి. మాత్రలు చిల్లరగా కవర్లో పోస్తే అనుమానం ఖాయం.

కొరియర్ త్వరగా వస్తుంది, కస్టమ్స్ పని వాళ్లే చేస్తారు. కానీ మీ సుంకం వాళ్లు ముందుగా కట్టినందుకు వేరే రుసుము వేస్తారు. బరువు లెక్క కూడా వేరు: 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టె అయితే 36000ను 5000తో భాగించి 7.2 కిలోలకు డబ్బు తీసుకుంటారు, లోపల రెండు కిలోలే ఉన్నా సరే. మీ సరుకుకు పోస్టే నయం.

గడపదాటినవాడు:

ధన్యవాదాలండీ. పవర్ బ్యాంక్ తీసేయిస్తా. ఇంకొక్కటి: ఇంట్లో రసీదు చూసి చెప్పిన నంబరు ఇక్కడి సైట్‌లో "చెల్లదు" అంటోంది. పంపిన దేశపు సైట్‌లో నేను చూస్తున్నది రసీదు ఫొటోలోంచి తీసుకున్న నంబరు.

బట్వాడాబల్ల:

అంకె తారుమారై ఉంటుంది. 13 గుర్తులుంటాయి: రెండక్షరాలు, తొమ్మిదంకెలు, పంపిన దేశపు రెండక్షరాలు. తొమ్మిదో అంకె తనిఖీ అంకె. మొదటి ఎనిమిదిని వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడండి, 11తో భాగించగా మిగిలింది 11లోంచి తీసేయండి. 12345678 అయితే మొత్తం 204, శేషం 6, తనిఖీ అంకె 5. జవాబు 10 వస్తే 0, 11 వస్తే 5 వేసుకోవాలి. ఫొటోలోని నంబరునే ఇక్కడా కొట్టి చూడండి.

సుంకం కట్టమంటూ లింకుతో మెసేజ్ వస్తే నొక్కకండి. పోస్టు సైట్‌లో మీ నంబరు మీరే కొట్టి, అక్కడ చూపిన మొత్తమే కట్టండి.