అమ్మోనైట్లను చంపింది ఆకాశం నుంచి పడ్డ రాయా, మన నల్లరాయా?

ఝరి_రేగడి
మాది యవత్మాల్ జిల్లా, ఝరి దగ్గర. పోయిన ఎండాకాలం చిన్నాయన చేన్ల బావి తవ్విస్తుంటే నల్లరాయి కింద తెల్లటి చెకుముకి పొర తగిలింది. దాంట్ల నత్త గుల్లలు. బొటనవేలంతది ఒకటి నేను దాచిన. మా బావేమో "అమ్మోనైట్ దొరికింది, ఇక్కడ సముద్రం ఉండె" అని వాట్సాప్‌ల పెట్టిండు.

సరే, అసలు ముచ్చట. 6.6 కోట్ల ఏండ్ల కింద డైనోసార్లతో పాటు అమ్మోనైట్లు (చుట్ట గుల్లల సముద్ర జీవులు) కూడా పోయినయ్. ఎవర్ని అడిగినా మెక్సికోల పడ్డ గ్రహశకలం అంటరు. మరి మన కాళ్ల కింద చల్లారి నల్లరాయైన దక్కన్ లావా? కొట్టుకపోయింది కొట్టుకపోంగ, ఇంకా 5 లక్షల చదరపు కిలోమీటర్ల దాకా మిగిలే ఉన్నది. ఇంత నిప్పు మన్నుల పెట్టుకొని ఎక్కడిదో గుంత దిక్కు వేలు చూపుడేంది? నా ఓటు నల్లరాయికే.

సిరొంచ_ఒడ్డు
ముందుగాల ఆ గుల్ల సంగతి తేలనీయన్నా. మొన పైకి పెట్టి, నోరు నీ దిక్కు తిప్పి పట్టుకో. నోరు ఎడమకున్నదా, కుడికా?

ఝరి_రేగడి
ఎడమకు.

సిరొంచ_ఒడ్డు
అయితే అది ఫైసా అయి ఉంటది. మంచినీళ్ల నత్త. నత్తల్ల ఎక్కువ శాతం కుడిచేతి వాటమే, ఇది ఎడమచేతిది. లావా ఒకసారి పారి చల్లారినంక, మళ్లొకసారి పారేలోపు పల్లాలల్ల వాననీళ్లు నిలిచి చెరువులైనయ్. వాటి అడుగు మట్టే నీ చెకుముకి పొర. సముద్రం లేదు, గిముద్రం లేదు, బావకు చెప్పు.

అమ్మోనైట్‌కు ఇట్ల మొన ఉండదు (వంకర టింకరవి కొన్ని ఉన్నయ్, వాటిని పక్కకు పెడదాం). చాప చుట్టినట్టు బల్లపరుపుగ చుట్టుకుంటది, లోపల అడ్డగోడలు కట్టి గదులు గదులుగ ఉంటది. మా అవ్వ పూజల సాలగ్రామం ఉండె. వజ్రకీటం తొలిచిన చక్రం అనేది. పగిలిన దిక్కు నుంచి చూస్తే గీతలు గీతలుగ చుట్టు తిరిగిన అచ్చు కనబడేది. గండకి నదిల దొరికే ఆ రాళ్లల్లది అమ్మోనైట్ అచ్చే. అయితే అది జురాసిక్ కాలపు ముచ్చట, మన లావాకు కోట్ల ఏండ్ల ముందు.

ఇగ చూడు, లావాకు లావాకు నడుమ నత్తలు కాపురాలు చేసినయ్ అంటే నీ సాక్షే నీ కేసు ఓడగొడుతున్నడు కదా.

రాయగడ_బాబు
మీకు బావి తవ్వితే గుల్లలొస్తాయి. మాకు ఒడిశా కొండల్లో ఎటు తవ్వినా ఖోండలైటే (భూమి లోపలి వేడికి, ఒత్తిడికి మారిపోయిన పాతరాయి), అందులో నత్త కాదు కదా దాని జాడ కూడా దొరకదు. కానివ్వండి, చదువుతున్నాను.

బల్లార్షా_సార్
సిరొంచ తమ్మీ, తీర్పుకు అంత తొందరొద్దు. లావా పైన పడి ఎవరూ చావలేదు. చంపేది దానితో వచ్చే పొగ: గంధకం, బొగ్గుపులుసు వాయువు. పైగా చెరువు జీవులు ఆ ప్రళయాన్ని సముద్ర జీవుల కంటే బాగానే దాటాయి. కాబట్టి మంచినీళ్ల నత్త బతికిందని ఉప్పునీళ్ల కేసు కొట్టెయ్యలేం.

ఇంకో మాట. 25.2 కోట్ల ఏండ్ల కింద పెర్మియన్ చివర సముద్ర జాతుల్లో సుమారు 90 శాతం పోయాయి. అప్పటికే చిక్కిపోయి ఉన్న ట్రైలోబైట్లు (పెంకు ఒళ్లు, కీళ్ల కాళ్ల సముద్ర జీవులు) అక్కడితో సరి. అమ్మోనైట్ల వంశం దారానికి వేలాడింది. అప్పుడు నిందితుడు సైబీరియా లావా. 20.1 కోట్ల ఏండ్ల కింద ట్రయాసిక్ చివర మళ్లీ అదే కథ, అట్లాంటిక్ విచ్చుకునే చోట లావా. రెండుసార్లు అగ్నిపర్వతమే అయినప్పుడు మూడోసారి దానికి క్లీన్ చిట్ ఎలా ఇస్తావు? భూగర్భ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ కూడా దక్కన్ వైపే వాదించింది. మన లావా రాజమండ్రి దాకా పారింది కదా, అక్కడ లావా పొరల నడుమ చిక్కిన సముద్రపు సూక్ష్మజీవుల గుల్లలే ఆమె సాక్ష్యాల్లో ముఖ్యమైనవి.

సిరొంచ_ఒడ్డు
పొగ సంగతి ఒప్పుకున్న సార్, నత్త వాదన వాపసు. కానీ రెండు లావాలను తట్టుకున్న వంశం మూడోదానికి ఎందుకు పూర్తిగ పోయె? దక్కన్ లావా లక్షల ఏండ్లు ఆగి ఆగి పారింది. రాయి పడ్డది ఒక్క దినం. 1980ల అల్వారెజ్ అనే శాస్త్రవేత్తలు, తండ్రీకొడుకులు, ఇరిడియం (నేల మీద అరుదు, ఆకాశపు రాళ్లల్ల ఎక్కువుండే లోహం) ఎక్కువున్న మట్టి చూపిచ్చిన్రు, తర్వాత మెక్సికోల 180 కిలోమీటర్ల చిక్సులుబ్ గుంత బయటపడ్డది. నెదర్లాండ్స్‌ల ఒక గుహ మట్టిల దొరికిన సూక్ష్మ గుల్లలను పరీక్షించి 2019ల తేల్చిందేందంటే, సముద్రం పులిసింది (అంటే నీళ్లల్ల ఆమ్లం పెరిగింది) రాయి పడ్డప్పుడే, దబ్బున.

గుల్ల సున్నపుది, పులుపుకు కరుగుతది. అమ్మోనైట్ పిల్ల పుట్టినప్పుడు మిల్లీమీటరు, అంటే ఆవగింజకు అటూఇటు. పైపై నీళ్లల్ల తేలుకుంట పెరిగేది. దాని దూరపు చుట్టం నాటిలస్ పిల్ల రెండున్నర సెంటీమీటర్లుంటది, లోతు నీళ్లల్లది. పైన నీళ్లు పులిసి, తినే తిండి పోతే ముందు ఎవరు పోతరు? నాటిలస్ ఇప్పటికీ ఉన్నది.

బల్లార్షా_సార్
నాటిలస్ మాట బాగుంది, దానికి నా దగ్గర ఎదురు లేదు. కానీ లావా ఎప్పుడెంత పారిందో అదే 2019లో రెండు బృందాలు లెక్కకట్టాయి. ఒకరు పెద్ద పోటు రాయి పడే ముందే అన్నారు, ఇంకొకరు ఎక్కువ లావా తర్వాతే అన్నారు. ఆ పంచాయితీ తెగకుండా లావాను విడుదల చెయ్యను. రాయి కొట్టింది నిజమే, అప్పటికే జ్వరంతో ఉన్నవాణ్ణి కొట్టిందంటాను.

ఝరి_రేగడి
పులుపు అన్నరు కదా, ఇంట్ల చేసి చూసిన. అష్టాచెమ్మ గవ్వ ఒకటి, ఈ నత్త ఒకటి గిన్నెల పెట్టి నిమ్మరసం పోసిన. గవ్వ మీద సన్నగ బుడగలు లేచినయ్, పొద్దుగూకే వరకు మెరుపు పోయి గరుకయింది. నత్తకు ఏం కాలే. సున్నమంతా పోయి ఎప్పుడో చెకుముకి అయిపోయినట్టున్నది. అమ్మ గవ్వ పాడు చేసినవని తిట్టింది.

నా ఓటు సార్ జ్వరం దిక్కు మార్చుకుంటున్న. బావ పోస్టు మాత్రం తీస్తలేడు, నూట నలభై లైకులు వచ్చినయంట.