మూడ్ ఉంటేనే నడుస్తానంటున్న నాన్న: బలవంతం చేయాలా, వదిలేయాలా?

పెద్దకూతురు:
మా నాన్నకి 71 ఏళ్లు. మోకాళ్లు, గుండె బాగానే ఉన్నాయని, రోజూ నడవమని డాక్టర్ చెప్పారు. ఒకరోజు హుషారుగా గంటసేపు నడిచొస్తారు, మర్నాడు కుర్చీలోంచి లేవరు. నిన్న సాయంత్రం బూట్లు వేసుకుని, ఒక కాలికి లేసు కట్టుకుని, రెండో కాలి దగ్గర ఆగిపోయారు. కాసేపు అలాగే కూర్చుని "నడవబుద్ధి కావట్లేదమ్మా, రేపు చూద్దాంలే" అని విప్పేశారు. అమ్మ బద్ధకం అంటుంది, నాకలా అనిపించట్లేదు. గట్టిగా చెప్తే మొండికేస్తారు, చెప్పకపోతే వారమంతా ఇలాగే గడిచిపోతుందేమోనని టెన్షన్. ఏం చేయాలి?

సీనియర్68:
అమ్మా, నేనూ ఆ వయసువాణ్ణే కాబట్టి మీ నాన్నగారి వైపు నుంచి చెప్తాను. అది బద్ధకం కాదు. రాత్రి నిద్ర పట్టకపోయినా, పొద్దున్నే ఏదో చెడ్డ కబురు విన్నా ఆ రోజంతా ఒంట్లో సత్తువ లేనట్టే ఉంటుంది, నడక అనగానే గంటసేపటి శ్రమే కళ్ల ముందుకొస్తుంది. పడిపోతానేమోనన్న భయం ఉన్నా పిల్లలతో అనం, మూడ్ లేదని సరిపెట్టేస్తాం. అదేమైనా ఉందేమో నెమ్మదిగా అడగండి. నన్నయితే కదిలించేది నా స్నేహితుడు. అతను గేటు దగ్గర నిలబడి ఉంటాడని తెలిశాక మూడ్ సంగతి ఆలోచించే తీరిక ఉండదు. "నడిచారా, ఎంత నడిచారు" అని రోజూ ఆరా తీయకండి, దాంతో ఉన్న ఇష్టం కూడా పోతుంది.

ఫిజియో_ఆర్:
ఫిజియోథెరపిస్టుని, పెద్దవాళ్లతోనే ఎక్కువ పని. మనసు బాగుంటే ఒళ్లు కదులుతుంది, ఒళ్లు కదిలితే మనసూ తేలికపడుతుంది, రెండూ నిజమే. కానీ మూడ్ వచ్చాక నడుద్దామనుకుంటే చాలా రోజులు అది రానే రాదు, నడక మొదలుపెట్టాక వచ్చే రోజులే ఎక్కువ. అందుకే బాగాలేని రోజుకి వేరే లెక్క ముందే అనుకోవాలి: వీధి చివరిదాకా వెళ్లి రావడం, అంతే. ఇంకా నడవాలనిపిస్తే ఆయన ఇష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చెప్తుంది. ఒకప్పుడు కనీసం 10 నిమిషాలు ఆగకుండా చేస్తేనే లెక్కనేవారు, 2020లో ఆ షరతు తీసేశారు, కాబట్టి అయిదు నిమిషాలూ వృథా కాదు. బ్యాలెన్స్, కండరాల బలానికి వారానికి మూడు రోజులైనా వ్యాయామం ఉండాలి, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు (మొదట్లో పక్కన ఎవరైనా ఉండాలి).

నడుస్తూ మాట్లాడగలిగేంత వేగం చాలు. ఆయాసపడుతూ ఇల్లు చేరితే మర్నాడు ఆ ఆయాసమే గుర్తుంటుంది, చివర్లో నెమ్మదించమనండి. ఇంకో మాట, "రేపు నడుస్తాను" అనుకోవడం కంటే "పేపర్ చదవడం అవ్వగానే బూట్లు వేసుకుంటాను" అనుకోవడం బాగా పనిచేస్తుంది. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద చాలా పరిశోధన చేశారు. ఆ సమయం ఏదో ఆయన్నే చెప్పనివ్వండి, మీరు పెట్టిన టైమ్‌టేబుల్ అయితే నాలుగు రోజులు కూడా సాగదు.

నర్సమ్మ:
పైన చెప్పినవన్నీ రోజూ మారే మూడ్‌కి సరిపోతాయి. కానీ రెండు వారాలుగా దాదాపు ప్రతిరోజూ అలాగే ఉంటే, ఇష్టమైన పనులు కూడా మానేస్తే, తిండి, నిద్ర మారిపోతే తప్పకుండా డాక్టర్‌కి చూపించండి. పెద్దవాళ్లలో డిప్రెషన్ ఏడుపుగా కనబడకపోవచ్చు, నీరసం, ఒళ్లు నొప్పులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఇలా బయటపడుతుంది. థైరాయిడ్, రక్తహీనత, బి12 తక్కువవడం వల్ల కూడా ఇలాగే ఉంటుంది. నిద్రమాత్రలు, కొన్ని బీపీ మందులు కూడా నీరసం తెస్తాయి, అలాగని సొంతంగా ఆపేయకండి.

పెద్దకూతురు:
అందరికీ థాంక్స్. సీనియర్ గారూ, మీరన్నట్టే అడిగాను. చీకటి పడ్డాక ఎదురుగా వచ్చే లైట్లకి దారి సరిగా కనిపించట్లేదట, ఇన్నాళ్లూ చెప్పనేలేదు! కొన్ని రోజులు మాత్రం ఊరికే బుద్ధి పుట్టదట. పొద్దుటి పూటకి మార్చమంటారా?

ఫిజియో_ఆర్:
మార్చండి. కానీ దాంతో ఊరుకోకుండా ఈ వారంలోనే కళ్లు చూపించండి, ఈ వయసులో లైట్ల వెలుగు ఇబ్బంది పెడుతోందంటే శుక్లం అయి ఉండొచ్చు. బుద్ధి పుట్టని రోజుకి వీధి చివరిదాకా చాలు.