వరద దారుల మ్యాప్‌కి రెడీమేడ్ ఫైల్ సరిపోతుందా?

రాజోలు కుర్రాడు:
వరద రోజుల్లో కోనసీమ లంకలకి ఏ దారి పనికొస్తుందో చూపించే మ్యాప్ చేస్తున్నాం. రోడ్ల డేటా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది, అంటే జనమే గీసే ఉచిత మ్యాప్‌ది. ఆ డేటాని ప్రాంతాలవారీగా ఇచ్చే జియోఫాబ్రిక్ సైట్లో దక్షిణ జోన్ షేప్‌ఫైల్ (మ్యాప్ గీతలు, వాటి వివరాల టేబుల్ ఉండే ఫైల్) రెడీగా ఉంది. దాన్ని క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో జిల్లా హద్దుతో కత్తిరిస్తే చాలా, లేక కావాల్సిన డేటాని అడిగి తీసుకునే ఓవర్‌పాస్ సర్వీస్‌లో మనమే ఏరి తెచ్చుకోవాలా?

కాకినాడ మ్యాపర్:
చాలు తమ్ముడూ. ఓవర్‌పాస్‌ని పెద్ద ఏరియా అడిగితే మధ్యలో టైమవుట్ అయిపోతుంది. షేప్‌ఫైల్లో రోడ్లు, కాలువలు వేరువేరు పొరలుగా వస్తాయి. రోడ్డు తరగతి, పేరు, వంతెనా కాదా, అన్నీ టేబుల్లోనే ఉంటాయి. వరదల సీజన్ వచ్చేలోపు మ్యాప్ చేతికి రావడం ముఖ్యం.

గన్నవరం లంక:
నేను ఒప్పుకోనండి. ఆ టేబుల్లో రోడ్డు తారుదా మట్టిదా చెప్పే కాలమ్ లేదు. ఎవరో కష్టపడి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రాసినా ఆ ఉచిత షేప్‌ఫైల్లోకి రాదు. వానల్లో కాలువ గట్టు మీద అంబులెన్స్ వెళ్తుందా, ట్రాక్టరే గతా అన్నది తేలేది దాంతోనే. ఏరు దాటించే పంటు సంగతేంటి? దానికి పెట్టే ట్యాగ్ (మ్యాప్‌లో వివరం రాసే గుర్తు) 'రూట్=ఫెర్రీ'. రోడ్లకి పెట్టే 'హైవే' ట్యాగ్ ఒక్కటే పట్టుకుంటే ఏరు దాటే దారే మాయమవుతుంది.

జిల్లా హద్దుతో కత్తిరించడం ఇంకా ప్రమాదం. కనకాయలంక పశ్చిమ గోదావరి జిల్లాలోది. ఆ ఊరి రాకపోకలు మాత్రం ఇటు చాకలిపాలెం కాజ్‌వే మీదే. ఏటా వరదకి ముందుగా మునిగే దారుల్లో అదొకటి. హద్దు దగ్గర కోస్తే ఊరు పోతుంది, దారి మధ్యలో తెగుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూశాం. అలాంటి రోజున చేతిలో ఉండాల్సిన మ్యాప్ ఇది!

కాకినాడ మ్యాపర్:
హద్దు సంగతి నిజమేనండి. తమ్ముడూ, ముందు పొరల్ని మీటర్లలో కొలిచే ఈపీఎస్‌జీ 32644 అనే కొలత పద్ధతిలోకి మార్చుకో, లేకపోతే దూరాలు డిగ్రీల్లో వస్తాయి. తర్వాత హద్దు చుట్టూ 5 కిలోమీటర్ల బఫర్ (అదనపు పట్టీ) వేసి కత్తిరించు. ట్యాగుల విషయంలో మాత్రం నా మాట అదే. ఎవరూ రాయని ట్యాగ్‌ని ఓవర్‌పాస్ మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది?

గన్నవరం లంక:
రాయాల్సింది మనమే కదండీ, అక్కడ తిరిగేది మనమే. టైమవుట్ భయం ఉంటే జియోఫాబ్రిక్‌లోనే పీబీఎఫ్ ఫైల్ ఉంది, ట్యాగులన్నీ దాంతో వస్తాయి. మునిగే చోట 'ఫ్లడ్_ప్రోన్=యెస్' పెట్టండి. ఇంకోటి, రెండు గీతలు దాటుకున్నంత మాత్రాన కూడలి అయిపోదు, ఉమ్మడి బిందువు ఉండాలి. అది లేకపోతే దగ్గరి దారి వెతికే టూల్ గట్టు రోడ్డు వదిలేసి ఊరంతా తిప్పుతుంది. అలాగని అన్ని గీతల్నీ కలిపేసినా తప్పే, వంతెన మీది రోడ్డు కింది రోడ్డుతో అతుక్కుపోతుంది. గూగుల్ మ్యాప్ చూసి గీయొద్దు, లైసెన్స్ ఒప్పదు.

రాజోలు కుర్రాడు:
పీబీఎఫ్‌తోనే మొదలుపెడతామండి. ముమ్మిడివరం వైపువాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: వరద తీశాక మీ దగ్గర పంటు ముందుగా ఏ రేవులో తిరుగుతుంది?