కరువు ఏడాదిలోనూ రోజుకు 15 కౌజు పిట్టలా?

సొనోరా_శీను (చాండ్లర్, అరిజోనా):

అక్టోబర్ మధ్యలో కౌజు పిట్టల వేట సీజన్ మొదలవుతుంది. పోయిన చలికాలం ఎలా గడిచిందో ఫీనిక్స్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టు చివర్లో ఆగిన వాన, 2025 జనవరి చివరిదాకా ఊళ్లో మళ్లీ లెక్కలోకి వచ్చేంత పడలేదు. దాదాపు ఐదు నెలలు! దాని ఫలితం ఇప్పుడు వాగుల్లో కనిపిస్తోంది. ఫ్లోరెన్స్ జంక్షన్ దిక్కున రెక్కీకి తెల్లవారుజామునే వెళ్లి, కూర్చుని వింటున్నాను. మంచి ఏడాదిలో అయితే పొద్దు పొడిచేసరికి నాలుగు వైపుల నుంచీ 'చి-కా-గో-గో' అని పిలుచుకుంటూ గుంపు ఒకచోట చేరుతుంది. ఈసారి ఎక్కడో ఒక గొంతు వినిపిస్తే గొప్ప. కనబడ్డ గుంపుల్లోనూ అన్నీ పెద్ద పిట్టలే. ఈ ఏటి పిల్లలు దాదాపు లేవు.

రూలు మాత్రం అదే. మనిషికి రోజుకు 15. గ్యాంబెల్స్, స్కేల్డ్, మర్న్స్ అనే కౌజు జాతులన్నీ కలిపి 15, అందులో మర్న్స్ 8 మించకూడదు. పక్కనున్న కాలిఫోర్నియా, నెవాడాల్లో లిమిట్ 10. చలికాలం వాన పడని ఏడాది మన దగ్గర కూడా 15ను సగానికి తగ్గించాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాయింటర్_మావయ్య (టూసాన్):

శీనూ, ప్రతి కరువు ఏడాదీ ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు. దీనికి జవాబు డెబ్బై ఏళ్ల కిందటే వచ్చేసింది. వెండెల్ స్వాంక్, స్టీవ్ గాలిజియోలి అని ఇద్దరు పరిశోధకులు 1954లోనే గ్యాంబెల్స్ మీద వేట ప్రభావం ఎంత, వాన ప్రభావం ఎంత అని చూశారు. గాలిజియోలి ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఇదే పని చేశాడు. వేట సాగిన చోట్లను, వేట లేని చోట్లను పక్కపక్కన పెట్టి పోల్చారు. తేలిందేమిటంటే పిట్టల సంఖ్యను నడిపేది అక్టోబర్ నుంచి మార్చి దాకా పడే వాన. తుపాకీ వల్ల వచ్చిన తేడా చెప్పుకోదగ్గది కాదు.

ఈ పిట్ట ఆయుష్షే తక్కువ. పదిలో ఏడు ఏడాది తిరిగేసరికి ఉండవు, నువ్వు కాల్చినా, కాల్చకపోయినా. గద్ద తింటుంది, బాబ్‌క్యాట్ అనే అడవి పిల్లి తింటుంది. నువ్వు వదిలిపెట్టినది బతుకుతుందని హామీ ఏముంది? ఇంకో మాట. కరువు ఏడాదిలో 15 కొట్టేవాడు ఎవడయ్యా? రెండు వారాంతాలు ఎండలో తిరిగి, ఖాళీ సంచితో వచ్చి, మూడో వారం ఇంట్లో ఫుట్‌బాల్ చూస్తారు. పిట్టలు తగ్గితే వేటగాళ్లు వాళ్లంతట వాళ్లే తగ్గుతారు. అంకె మార్చాల్సిన పనేముంది?

రాధ_వైల్డ్‌లైఫ్ (ఫ్లాగ్‌స్టాఫ్):

మావయ్య గారూ, ఆ అధ్యయనంతో నాకు పేచీ లేదు. దాని నుంచి మీరు తీస్తున్న అర్థంతోనే.

ముందు వాన సంగతి. చలికాలం వాన పడితే ఎడారి నేల మీద చిన్న చిన్న పచ్చ మొక్కలు లేస్తాయి. గ్యాంబెల్స్ వాటినే మేస్తాయి. ఆ పచ్చదనంలోని విటమిన్ ఎ లివర్‌లో చేరిన ఏడాది బాగా గుడ్లు పెడతాయని యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాలో హంగర్‌ఫోర్డ్ 1964లో చూపించాడు. కరువులో వాడిపోయిన మొక్కల్లో ఈస్ట్రోజన్ లాంటి పదార్థాలు పెరిగి గుడ్లు పెట్టడాన్ని అణిచేస్తాయని కాలిఫోర్నియా కౌజుల మీద 1976లో ఇంకో వాదన వచ్చింది. కారణం ఏదైనా జరిగేది ఒకటే. మరీ ఎండిన ఏడాది కొన్ని గుంపులు విడిపోయి జతకట్టవు కూడా. వసంతమంతా గుంపుగానే తిరుగుతాయి.

అంటే శీను గారు చూసిన గుంపుల్లో ఉన్నవన్నీ తల్లిదండ్రులే. మంచి ఏడాదిలో మీ సంచిలో ఎక్కువ భాగం ఆ ఏటి పిల్లలు. కరువు ఏడాదిలో ప్రతి తూటాకూ పడేది వచ్చే ఏడు గుడ్లు పెట్టాల్సిన పిట్ట. 'ఎలాగూ చచ్చేవే' అనే లెక్క అక్టోబర్‌లో సరిపోతుంది, ఎందుకంటే ముందు చలికాలమంతా ఉంది. సీజన్ ఫిబ్రవరి తొలి రోజుల దాకా సాగుతుంది కదా, జనవరి చివర్లో కాల్చిన పిట్టకు ఆ లెక్క వేయలేం. అప్పటికి బతికి ఉన్నది చలినీ గద్దనూ దాటి వచ్చింది. ఇంకో నెలన్నరలో జతకడుతుంది.

వనపర్తి_వేణు (ఫీనిక్స్):

అందరికీ నమస్కారం. నేను కొత్త. మా ఊళ్లో కంజు పిట్టలంటే ఫారంలో పెంచినవే తెలుసు, కాబట్టి తెలియక అడుగుతున్నా. ఎడారిలో అక్కడక్కడా నీళ్ల తొట్లు కట్టారు కదా, అవి ఉంటే కరువులో కూడా పిట్టలు ఉండవా? ఇంకోటి, నేను హెచ్-1బీ మీద ఉన్నాను, తుపాకీ పట్టుకోవచ్చా అసలు? మా రూమ్మేట్ జైల్లో వేస్తారని టెన్షన్ పెడుతున్నాడు.

పాయింటర్_మావయ్య:

తమ్ముడూ, రెండోది ముందు చెబుతా. హెచ్-1బీ లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. అయితే రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. అదే నీకు ఆధారం కాబట్టి గడువు దాటనివ్వకు. ఫోరమ్ మాట నమ్ముకుని షాపుకెళ్లకు, ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడుగు.

తొట్ల సంగతి రాధమ్మ చెబుతుంది.

రాధ_వైల్డ్‌లైఫ్:

వేణు గారూ, పచ్చ మేత దొరికితే గ్యాంబెల్స్ అందులోని తేమతోనే చాలావరకు గడిపేస్తాయి. తొట్టి దగ్గర పిట్టలు కనబడతాయి, నిజమే. కానీ మేత లేని నేలలో తొట్టి పెట్టినంత మాత్రాన పిల్లలు పుట్టవు. అంతకన్నా వాగు ఒడ్డున మెస్కీట్ పొదలు చూడండి. మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే అది. దాని కింద నీడ, గింజలు, గద్ద నుంచి దాక్కునే చోటు మూడూ దొరుకుతాయి.

లాస్‌క్రూసెస్_బాషా (న్యూ మెక్సికో):

మీరంతా గ్యాంబెల్స్ చుట్టూనే తిరుగుతున్నారు. మర్న్స్ సంగతి ఎవరూ ఎత్తడం లేదేం? మా దగ్గర కూడా లిమిట్ 15, కానీ మర్న్స్ 5 మాత్రమే. టెక్సస్‌లో 15 ఉన్నా మర్న్స్‌ను అసలు ముట్టనివ్వరు. ఆ పిట్ట విషయంలో ఎవరికీ ధైర్యం లేదు.

పాయింటర్_మావయ్య:

బాషా భాయ్, అది నా పిట్ట! సొనోయిటా, పటగోనియా కొండల్లో ఓక్ చెట్ల కింద గడ్డిలో ఉంటుంది. రెక్కీకి వెళితే పిట్ట కోసం చూడకు, నేల చూడు. చిన్న చిన్న గుంతలు తవ్వి ఉంటాయి. పులిచింత జాతి మొక్కల దుంపలు, తుంగ గడ్డలు దానికి ఇష్టం. తవ్విన మట్టి ఇంకా తడిగా ఉంటే గుంపు దగ్గర్లోనే ఉందన్నమాట. గ్యాంబెల్స్ అయితే పరుగే పరుగు, మనిషిని చూస్తే లేవకుండా పొదల్లోంచి పొదల్లోకి ఉరుకుతుంది. మర్న్స్ అలా కాదు. కుక్క ముక్కు కింద కూడా కదలకుండా అణిగి కూర్చుంటుంది. బూటు పక్కనుంచి లేచేదాకా అక్కడుందని తెలియదు.

పైగా దానికి కావాల్సింది చలికాలం వాన కాదు, ఎండాకాలం చివర్లో వచ్చే మాన్సూన్. 2020లో టూసాన్‌లో మాన్సూన్ రానట్టే, 2021లో 300 మిల్లీమీటర్లు దాటింది. కాబట్టి శీనూ, 'కరువు ఏడాది' అని నువ్వన్నది ఏ పిట్టకు? చలికాలం ఎండిపోయి మాన్సూన్ బాగా పడితే గ్యాంబెల్స్‌కు కరువు, మర్న్స్‌కు పండగ. రాష్ట్రం మొత్తానికి ఒకే అంకె తగ్గించి ఏం సాధిస్తావు?

లాస్‌క్రూసెస్_బాషా:

అణిగి కూర్చునే పిట్ట కాబట్టే అంటున్నా. మంచి కుక్కలు రెండుంటే ఒక గుంపును మొత్తం ఊడ్చేయొచ్చు. ఒకసారి లేచినవి దగ్గర్లోనే వాలతాయి, మళ్లీ కుక్క పట్టేస్తుంది. అక్కడ 8 అంటే ఒక కుటుంబం.

కానీ నా అసలు బాధ లిమిట్ గురించి కాదు, గడ్డి గురించి. పశువులు సగానికి పైగా గడ్డి మేసేసిన చోట మర్న్స్ దాదాపు మాయమైపోతాయని రిచర్డ్ బ్రౌన్ అనే పరిశోధకుడు ఎప్పుడో రాశాడు. దాక్కోవడానికి గడ్డి లేకపోతే అణిగి కూర్చోవడమే దాని చావుకొస్తుంది. ఆ పచ్చిక బయళ్ల మీద ఎన్ని పశువులు మేయాలో అడగకుండా, వేటగాడి సంచిలో రెండు పిట్టలు తగ్గించి ఏదో చేశామనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

తులసివనం:

అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. 15 అయినా 8 అయినా, కడుపు నిండినవాళ్లు అరచేతిలో పట్టే పిట్టను ఎందుకు చంపాలి? ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పిట్టను కొడితే కేసు. అక్కడికెళ్లగానే అన్నీ మర్చిపోతారా?

సొనోరా_శీను:

తులసి గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే, కానీ అది ఈ చర్చ కన్నా పెద్దది. ఒక్కటి చెబుతాను. ఇక్కడ షాట్‌గన్ మీద, తూటాల మీద 11 శాతం ప్రత్యేక పన్ను ఉంది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళుతుంది. పిట్టలను లెక్కపెట్టే వాళ్ల జీతాల్లో మా తూటాల డబ్బూ ఉంది. చంపడం సరైనదని దీనివల్ల రుజువు కాదు, ఒప్పుకుంటాను.

మావయ్యా, మీ 1954 లెక్క మీద నా అనుమానం ఇది. అప్పటి ఫీనిక్స్ వేరు, ఇప్పటిది వేరు. అప్పుడు మైళ్లు నడవగలిగినవాడే లోపలికి వెళ్లేవాడు. ఇప్పుడు సైడ్-బై-సైడ్ అనే, దారి లేని చోట కూడా వెళ్లే చిన్న బండి వాగు చివరిదాకా తీసుకెళుతుంది. ఫోన్ మ్యాపులో పిన్ను పెట్టి వాట్సాప్‌లో పదిమందికి పంపుతారు. ఊరికి గంట దూరంలో ఉన్న ప్రతి గుంపు మీదా వారం వారం ఒత్తిడి. దూరంగా ఉన్న కొండల్లో మీ లెక్క నిజమే కావచ్చు, ఈ దగ్గరి వాగుల్లో కూడా నిజమేనా? వేట లేని చోటు నుంచి పిట్టలు వచ్చి చేరి ఖాళీని పూడుస్తాయంటారు. వేట లేని చోటంటూ మిగలాలి కదా.

రాధ గారి మాట విన్నాక నా ప్రతిపాదన కొంచెం మారుస్తాను. 15 అలాగే ఉంచండి. చలికాలం వాన పడని ఏడాది తర్వాత వచ్చే సీజన్‌లో గ్యాంబెల్స్ వేటను డిసెంబర్ చివర్లో ఆపేయండి.

పాయింటర్_మావయ్య:

ఇది మొదటి దానికన్నా ఘోరం! జనవరి తీసేస్తే మిగిలేదేమిటి? అక్టోబర్‌లో పొద్దున పదికల్లా ఎండ మాడ్చేస్తుంది, కుక్క నాలుక నేలకు తగులుతుంది, బండల మీద ర్యాటిల్‌స్నేక్‌లు ఇంకా తిరుగుతుంటాయి. పాము వాసనకు దూరంగా ఉండాలని కుక్కకు ట్రైనింగ్ ఇప్పించినా నా ప్రాణం గిలగిలలాడుతూనే ఉంటుంది. జనవరి చల్లగా ఉంటుంది, పాములు లోపల పడుకుంటాయి, నేల కాస్త చల్లబడి వాసన నిలుస్తుంది. కుక్కతో నడిచి వేటాడేవాడికి ఉన్నది ఆ నెలే. నువ్వు తిడుతున్న బండివాళ్లు సీజన్ మొదటి రెండు వారాల్లో పని ముగించుకుని వెళ్లిపోతారు. నీ రూలుతో దెబ్బ తినేది వాళ్లు కాదు, మాలాంటివాళ్లు.

రాధ_వైల్డ్‌లైఫ్:

ఇది బలమైన అభ్యంతరమే, నేను ఆ వైపు ఆలోచించలేదు. కానీ 'నాకు ఇష్టమైన నెల' అనేది పిట్ట వైపు నుంచి సమాధానం కాదు కదా మావయ్య గారూ. డిసెంబర్‌లో మర్న్స్ సీజన్ తెరుస్తారు. దక్షిణాన మాన్సూన్ బాగా పడితే మీ కుక్కలను జనవరిలో అటు తీసుకెళ్లవచ్చు.

ఈలోగా ఒక పని చేద్దామా? కొట్టిన ప్రతి గ్యాంబెల్స్ రెక్కా విప్పి చూడండి. పెద్ద ఈకల మొదళ్లను కప్పే చిన్న ఈకలు ఉంటాయి. వాటి చివర్లు లేత గోధుమ రంగులో మచ్చల్లా ఉంటే ఈ ఏటి పిల్ల. మొత్తం ఒకే బూడిద రంగైతే పెద్ద పిట్ట. ఏ వాగులో ఎన్ని పిల్లలు, ఎన్ని పెద్దవి అని ఇక్కడే రాయండి. వాగు పేరు వద్దు, జిల్లా చాలు. నవంబర్ చివరికల్లా మన దగ్గర కాస్త లెక్క ఉంటుంది, అప్పుడు మళ్లీ కొట్టుకుందాం.

వనపర్తి_వేణు:

నేను రాస్తాను. కొట్టగలిగితే.

పాయింటర్_మావయ్య:

పినాల్, గ్రాహం, కోచీస్ జిల్లాల రెక్కలు నేను చూసి రాస్తా. అన్నీ బూడిద రంగువే వస్తే నా సంచి నేనే తగ్గించుకుంటా, దానికి ఎవరి రూలూ అక్కర్లేదు. జనవరి మూసేయాలని వేట రూల్స్ పెట్టే రాష్ట్ర కమిషన్‌కు ఉత్తరం రాస్తే మాత్రం, శీనూ, దాని కింద వ్యతిరేకిస్తూ మొదటి ఉత్తరం నాదే.